కాకి వాలింది, తాటిపండు రాలింది: సూపర్నోవా న్యూట్రినోల వేట

కుప్పం దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఒక మాస్టారు అడిగిన ప్రశ్న ఇది: "1987లో లక్షా 68 వేల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం న్యూట్రినోలను నీళ్ల ట్యాంకులతో పట్టుకున్నారు. ఇప్పుడు దక్షిణ ధ్రువంలో ఘన కిలోమీటరు మంచునే డిటెక్టరుగా చేసుకున్నారు. మరి 2023లో పిన్‌వీల్ గెలాక్సీలో సూపర్నోవా వస్తే ఏమీ దొరకలేదంటారేం? పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. పోనీ మన ఆరుద్ర నక్షత్రం పేలితేనన్నా దొరుకుతాయా?"

మాస్టారూ, పదిహేనేళ్లుగా న్యూట్రినో టెలిస్కోపుల డేటా మీదే బతుకుతున్నవాణ్ని, కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను. టీ పెట్టుకుని కూర్చోండి.

న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే బుల్లి కణం. ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. 1987లో దొరికిన న్యూట్రినోలూ, ఇప్పుడు మేం వెతుకుతున్నవీ ఒకటి కావు. పేరొక్కటే. పుట్టిన చోటు వేరు, పుట్టిన ఘడియ వేరు, మోసుకొచ్చే శక్తి వేరు.

మొదటి రకం నక్షత్రం గుండెలో పుడుతుంది. బరువైన నక్షత్రం మధ్యలో ఇనుప గుండ్రాయి లాంటి కోర్ ఒకటి పేరుకుంటుంది. అది సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లు దాటేసరికి తన బరువు తాను మోయలేక సెకను లోపే కుప్పకూలుతుంది. అలా విడుదలైన శక్తిలో 99 శాతం న్యూట్రినోలే పట్టుకుపోతాయి. పది సెకన్లలో ఒకటి పక్కన 58 సున్నాలు పెట్టినన్ని న్యూట్రినోలు బయటపడతాయి. మనకు కంటికి కనిపించి, పేపర్లో ఫొటోగా వచ్చే వెలుగంతా మిగిలిన ఒక్క శాతంలో చిన్న ముక్క. ఒక్కో న్యూట్రినో శక్తి కోటి ఎలక్ట్రాన్ వోల్టులు, మహా అయితే మూడు నాలుగు కోట్లు. 1987 ఫిబ్రవరి 23న జపాన్‌లో కమియోకాండే-2 ట్యాంకులో 11, అమెరికాలో ఒక ఉప్పుగనిలోని ఐఎంబీలో 8, సోవియట్ బక్సాన్‌లో 5 తగిలాయి. మొత్తం కలిపితే పాతిక కూడా లేవు. ఆ కాసినిటితోనే కూలిపోయే నక్షత్రాల సిద్ధాంతం నిలబడింది, 2002లో కమియోకాండేను నడిపించిన కొషీబా గారికి నోబెల్ వచ్చింది. ఆ జపాన్, అమెరికా ట్యాంకులు సూపర్నోవాల కోసం కట్టినవి కావు, ప్రోటాన్ ముక్కలవుతుందేమో చూద్దామని కట్టినవి. ప్రోటాన్ విరగలేదు, నక్షత్రం పేలింది.

రెండో రకం న్యూట్రినోలకు శక్తి లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మొదలవుతుంది. దాన్ని టీఈవీ అంటాం, దానికి వెయ్యి రెట్లు పీఈవీ. మొదటి రకంతో పోలిస్తే లక్ష రెట్ల నుంచి పది కోట్ల రెట్ల దాకా ఎక్కువ. ఇంత శక్తి వేడి వల్ల రాదు. నక్షత్రం గుండె ఎంత మరిగినా రాదు. ఎవరో ప్రోటాన్లను పట్టుకుని పదే పదే కొట్టి పరుగెత్తించాలి.

ఆ కొట్టే పని షాక్ వేవ్‌ది, అంటే పేలుడు ముందుకు తోసే అలది. అయితే నక్షత్రం లోపల ఉన్నంతసేపూ షాక్ వేవ్‌కి ఆ పని చేతకాదు, దీన్ని చాలా వ్యాసాలు వదిలేస్తాయి. లోపల పదార్థం ఎంత దట్టమంటే, వెలుగు కూడా బయటికి రాలేక అక్కడే ఇరుక్కుని ఉంటుంది. ఆ ఇరుక్కున్న వెలుగే షాక్ అంచును మెత్తటి పరుపులా చేసేస్తుంది. బంతిని పరుపుకేసి కొడితే తిరిగి రాదు కదా. ఒకవేళ ఎలాగో ప్రోటాన్లు శక్తి పుంజుకుని ఢీకొన్నా, వాటి నుంచి పుట్టిన పయాన్లు అనే అల్పాయుష్షు కణాలు న్యూట్రినోలుగా విడిపోయే లోపే ఇంకో దానికి గుద్దుకుని శక్తి పోగొట్టుకుంటాయి. కాబట్టి షాక్ నక్షత్రం చర్మం చీల్చుకుని బయటికి రావాలి. 1987 నక్షత్రం చిన్నపాటి నీలి మహాతార కాబట్టి ఆ ప్రయాణం రెండు మూడు గంటల్లో అయిపోయింది. అందుకే అక్కడ న్యూట్రినోల తర్వాత మూడు గంటలకు వెలుగు కనపడింది. బాగా ఉబ్బిన ఎర్ర మహాతారలో అయితే దాదాపు ఒక రోజు పడుతుంది.

బయటికి వచ్చాక అక్కడ ఏముంది అన్నదే అసలు సంగతి. నా దృష్టిలో ఈ వేట మొత్తానికి కీలకం ఇదే: పేలుడు ఎంత పెద్దది అన్నది కాదు, పేలే ముందు ఆ నక్షత్రం చుట్టూ ఏం పారబోసుకుంది అన్నది. చుట్టూ శూన్యమే ఉంటే షాక్‌కి ఢీకొట్టడానికేమీ లేదు. కానీ కొన్ని నక్షత్రాలు చివరి ఏళ్లలో, కొన్నయితే చివరి నెలల్లో, తమ పైపొరలను దట్టమైన వాయువుగా చుట్టూ వదులుతాయి. పేలుడు శకలాలు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో వెళ్లి ఆ వాయువును గుద్దుతాయి. అక్కడి అయస్కాంత క్షేత్రాల మధ్య ప్రోటాన్లు షాక్‌కి అటూ ఇటూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ కాస్త శక్తి పోగేసుకుంటాయి. చివరికి ఆ వాయువులోని మరో ప్రోటాన్‌ను ఢీకొంటే పయాన్లు, వాటి నుంచి న్యూట్రినోలు. ప్రోటాన్ శక్తిలో దాదాపు ఇరవయ్యో వంతు ఒక్కో న్యూట్రినోకి దక్కుతుంది.

ఇదంతా జరగడానికి పది సెకన్లు చాలవు. రోజులు పడుతుంది. చుట్టూ ఉన్న వాయువు దూరం దాకా పరుచుకుని ఉంటే నెలలు. ఈ మాట గుర్తుంచుకోండి, వెతికేవాడి కష్టాలన్నీ దీని నుంచే పుడతాయి.

ఇక మీ 2023 నక్షత్రం సంగతి. మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇతగాకి దాన్ని మొదట చూశారు, పేరు ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్. పిల్లలకు చూపించడానికి గుర్తు కావాలంటే సప్తర్షి మండలం చూపించండి. పెళ్లిలో అరుంధతిని చూపిస్తాం కదా, ఆ వసిష్ఠ–అరుంధతుల జంటకూ, తోక చివరనున్న మరీచికీ పక్కన, రెంటితో కలిపి ఓ త్రిభుజం గీస్తే మూడో మూలలో ఉంటుంది పిన్‌వీల్ గెలాక్సీ. దూరం దాదాపు 2 కోట్ల 20 లక్షల కాంతి సంవత్సరాలు. పేలిన తొలి రోజుల్లో తీసిన వర్ణపటాల్లో, నక్షత్రం చుట్టూ దగ్గరగా దట్టమైన వాయువు ఉన్నట్టు స్పష్టంగా తేలింది. లద్దాఖ్‌లో హాన్లే కొండ మీద మన హిమాలయన్ చంద్ర టెలిస్కోపు కూడా దాన్ని వెంటాడింది. మా వాళ్లందరికీ ఆ వారం నిద్ర లేదు. దగ్గరి నక్షత్రం, చుట్టూ కావలసినంత సరుకు.

అయినా దొరకలేదు. ఎందుకో మీరే లెక్క వేయండి, పదో తరగతి లెక్కే. కోటా మురాసే అనే సిద్ధాంతవేత్త 2018లో ఒక అంచనా ఇచ్చారు: మామూలు ఎర్ర మహాతార 10 కిలోపార్సెక్‌ల దూరంలో, అంటే దాదాపు 32,600 కాంతి సంవత్సరాల దూరంలో పేలితే, ఘన కిలోమీటరు డిటెక్టర్‌లో సుమారు వెయ్యి న్యూట్రినోలు తగలాలి. చుట్టూ బాగా దట్టమైన వాయువున్న అరుదైన రకమైతే 3 లక్షలు. పిన్‌వీల్ దూరం దీనికి 675 రెట్లు. దూరం పెరిగితే వర్గంలో తగ్గుతుంది కాబట్టి నాలుగున్నర లక్షలతో భాగించాలి. వెయ్యిని భాగిస్తే 0.002. మూడు లక్షలను భాగిస్తే మూడింట రెండు వంతుల న్యూట్రినో. ఈ 2023 నక్షత్రం ఆ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంది. అంటే ఎంత ఆశపడ్డా ఒకటి కంటే తక్కువే. గెలాక్సీల లెక్కలో "అంత దగ్గర" అన్నది న్యూట్రినోల లెక్కలో దగ్గర కాదు.

మొదటి రకానికి కూడా ఇదే గతి. 1987 దూరంతో పోలిస్తే ఇది 130 రెట్లు, వర్గం చేస్తే 17 వేలు. నేటి సూపర్ కమియోకాండే పాతదాని కంటే పదిహేను రెట్లు పెద్దదనుకున్నా, 11ని 15తో హెచ్చించి 17 వేలతో భాగించండి. వందో వంతు న్యూట్రినో వస్తుంది. కాబట్టి మీ పిల్లలకు మొదటి జవాబు ఇది: డిటెక్టర్ పెరిగిన దానికంటే దూరం చాలా ఎక్కువ పెరిగింది.

కానీ ఆ మూడింట రెండు వంతుల అదృష్టం కలిసొచ్చి ఒక న్యూట్రినో వచ్చిందే అనుకోండి. అది ఆ నక్షత్రానిదేనని చెప్పడం ఎలా? నా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ఐస్‌క్యూబ్ ఎలా ఉంటుందో చెబితే ఇది తేలికవుతుంది. దక్షిణ ధ్రువంలో వేడినీళ్ల ధారతో మంచును కరిగిస్తూ రెండున్నర కిలోమీటర్ల లోతుకు 86 బావులు తవ్వారు. ఒక్కో బావిలోకి దండలా ఒక కేబుల్, దానికి పుచ్చకాయంత గాజు గోళాల్లో కాంతిని పట్టే సెన్సర్లు. 1,450 మీటర్ల నుంచి 2,450 మీటర్ల లోతు వరకు మొత్తం 5,160. 2010 డిసెంబరుకు పని పూర్తయింది. నీళ్లు మళ్లీ గడ్డకట్టాక ఆ సెన్సర్లను బయటికి తీసే దారి లేదు, చెడిపోతే చెడిపోయినట్టే. న్యూట్రినో మంచులో ఒక కేంద్రకాన్ని గుద్ది మ్యూయాన్‌ను (ఎలక్ట్రాన్‌కి బరువైన అన్న లాంటి కణాన్ని) పుట్టిస్తే, అది మంచులో వెలుగు కంటే వేగంగా దూసుకుపోతుంది. పడవ వెనకాల నీళ్లలో విచ్చుకునే అలలాగా దాని వెనక నీలి వెలుగు విచ్చుకుంటుంది. ఏ సెన్సర్‌కి ఏ నానోసెకనులో వెలుగు తగిలిందో చూసి, వచ్చిన దిక్కును ఒక డిగ్రీ లోపు చెప్పగలం. మ్యూయాన్ గీత గీయకుండా అక్కడికక్కడే బంతిలా వెలిగిపోయే ఘటనలూ ఉంటాయి. వాటి శక్తి బాగా తెలుస్తుంది గానీ దిక్కు పది పదిహేను డిగ్రీల మేరకు మసకగా ఉంటుంది.

ఇప్పుడు అసలు బాధ. ఆ మంచులో సెకనుకు దాదాపు మూడు వేల మ్యూయాన్లు పైనుంచి కురుస్తుంటాయి, కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు, వాతావరణాన్ని తాకడం వల్ల. వాటిని ఆపడానికి భూగోళాన్నే జల్లెడగా వాడుకుంటాం. ఉత్తరాకాశం నుంచి, అంటే కాళ్ల కింద నుంచి పైకి వచ్చే గీతలను మాత్రమే చూస్తే మ్యూయాన్లు పోతాయి. భూమిని దాటి రాగలిగేది న్యూట్రినో ఒక్కటే. కానీ జల్లెడ దాటినవాటిలోనూ అత్యధిక భాగం నక్షత్రాలవి కావు, మన వాతావరణంలో పుట్టినవే. ఏడాదికి దాదాపు లక్ష. అంతరిక్షం నుంచి వచ్చాయని ఒక్కొక్కటిగా గట్టిగా చెప్పగలిగేవి పదుల్లో ఉంటాయంతే.

ఇక్కడ మీ ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. కుప్పం నుంచి రాష్ట్రం సరిహద్దు దాటితే ఎంతో దూరం లేని కోలార్ బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో వాతావరణ న్యూట్రినోలను ప్రపంచంలో మొదటిసారి పట్టుకున్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి చేసిన పని. అదే సంవత్సరం దక్షిణాఫ్రికా గనిలో ఇంకో బృందమూ పట్టుకుంది. ఆనాడు ఒక్కో న్యూట్రినో కోసం నెలల తరబడి కాచుక్కూర్చున్నారు. ఈనాడు అవే న్యూట్రినోలు ఏడాదికి లక్ష వచ్చి మాకు అడ్డం పడుతున్నాయి. కోలార్‌లో పంటగా పండింది ధ్రువంలో కలుపైంది. గనులు 2001లో మూతపడ్డాయి. మీ స్కూల్లో ఏ పిల్లవాడి తాతైనా ఆ గనిలో పనిచేసి ఉంటే అడిగించండి, ఆ లోతుకు దిగిన మనిషి చెప్పే వేడి సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు.

కలుపు లెక్క ఇలా ఉంటుంది. ఉత్తర అర్ధాకాశం విస్తీర్ణం 20,600 చదరపు డిగ్రీలు. సూపర్నోవా చుట్టూ ఒక డిగ్రీ వ్యాసార్ధంతో వృత్తం గీస్తే 3 చదరపు డిగ్రీలకు కాస్త పైన. లక్ష న్యూట్రినోలను సమానంగా చల్లితే ఆ వృత్తంలో ఏడాదికి పదిహేను దాకా పడతాయి, అక్కడ ఏ నక్షత్రమూ పేలకపోయినా. నాలుగు రోజుల కిటికీలో చూస్తే 0.16. వంద రోజుల కిటికీలో చూస్తే 4. అంటే ఎప్పుడు చూడాలో తెలిస్తే ఒక్క న్యూట్రినో కూడా విలువైనదే. తెలియకపోతే నాలుగు వచ్చినా అర్థం లేదు. 1987లో పది సెకన్ల కిటికీ ఉండబట్టే పాతిక లోపు ఘటనలతో నోబెల్ వచ్చింది. మాకు ఆ భోగం లేదు. వాయువు ఎంత దూరం పరుచుకుని ఉందో నక్షత్రానికో తీరుగా ఉంటుంది. కిటికీ సన్నగా పెడితే అసలు న్యూట్రినో తప్పిపోతుంది, వెడల్పుగా పెడితే కలుపు పెరుగుతుంది. శక్తిని కూడా తూకంలో వేసి కొంత కలుపు ఏరేస్తామనుకోండి, అయినా సమస్య పోదు.

మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్లే రాలిందా? నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఓ రాత్రి ఒక సూపర్నోవా పక్కనే మూడు న్యూట్రినోలు కనిపించాయి. అలాంటిది ఊరికే జరిగే అవకాశం నూటికి ఒకటి. తెల్లవారకుండానే మా గైడ్‌కి ఫోన్ చేశాను. ఆయన అటునుంచి ఒక్కటే అడిగారు: "దీనికి ముందు ఎన్నిటిని చూశావు?" నూట నలభై. నూట నలభై చెట్ల కింద నిలబడితే నూటికొకసారి రాలే పండు ఒక్కటి కూడా రాలకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఫోన్ పెట్టేసి పడుకున్నాను. అప్పట్నుంచి మొదట కళ్లకు గంతలు కట్టుకుని పనిచేయడం అలవాటైంది: ఘటనల సమయాలను పేకముక్కల్లా కలిపేసి, ఆ దొంగ ఆకాశం మీదే పద్ధతంతా ఖరారు చేసి, చివర్లో ఒక్కసారి మాత్రమే అసలు ఆకాశం తెరిచి చూడటం. ధ్రువంలో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. భూమి తిరిగినా డిటెక్టర్ అక్కడే బొంగరంలా తిరుగుతుంది కాబట్టి, సమయం మార్చినా నక్షత్రం ఎత్తు మారదు.

నా అనుభవం చిన్నది. పెద్ద కథ 2012 మార్చి 30న జరిగింది. ఐస్‌క్యూబ్‌కి రెండు సెకన్ల తేడా లోపు, ఆకాశంలో దగ్గర దగ్గరగా రెండు న్యూట్రినోలు వచ్చాయి. వెంటనే టెలిస్కోపులకు కబురు వెళ్లింది. అమెరికాలో పాలొమార్ కొండ మీది టెలిస్కోపు ఆ చోటే ఒక సూపర్నోవాను చూపించింది, పైగా చుట్టూ దట్టమైన వాయువున్న రకం! పీటీఎఫ్12సీఎస్‌వై అని పేరు. కథ ఇక్కడితో ఆపితే నోబెలే. కానీ ఇంకో టెలిస్కోపు పాత ఫొటోలు తీసి చూస్తే ఆ నక్షత్రం కనీసం ఐదు నెలల ముందే పేలిపోయి ఉంది. రెండు సెకన్లలో జంటగా వచ్చేవి, వస్తే గిస్తే, పేలిన ఆ క్షణంలో రావాలి గానీ ఐదు నెలలకు కాదు. వాయువును ఢీకొట్టి నెమ్మదిగా వచ్చేవేమోనంటే, దాదాపు వంద కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి రెండు రావడమన్నది లెక్కకు అందదు. తాటిపండే. 2016 ఫిబ్రవరిలో వంద సెకన్లలో మూడు వచ్చాయి. ప్రపంచమంతా వెతికినా అక్కడ ఏమీ లేదు. లెక్కేస్తే అలాంటి త్రయం పద్నాలుగేళ్లకోసారి ఊరికే కూడా వస్తుందని తేలింది.

ఒక్కొక్కటిగా కాకపోతే గుత్తగా చూద్దామని ఇంకో దారి. ఏడేళ్ల డేటానూ వెయ్యికి పైగా సూపర్నోవాల జాబితానూ ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నీ కలిపితేనన్నా ఏమైనా పైకి తేలుతుందా అని ఐస్‌క్యూబ్ వెతికింది. 2023లో ఫలితం వచ్చింది: ఏమీ తేలలేదు. కేవలం కలుపు ఉంటే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అయినా ఆ "ఏమీ లేదు" ఖాళీ జవాబు కాదు. దట్టమైన వాయువున్న రకం సూపర్నోవాలు, ఆకాశమంతటా పరుచుకుని ఉన్న అంతరిక్ష న్యూట్రినోలలో మూడోవంతుకు మించి ఇవ్వలేవని (సరిగ్గా చెప్పాలంటే 33.9 శాతం), పైపొరలు ముందే పోగొట్టుకున్న రకం 14.6 శాతానికి మించి ఇవ్వలేవని తేలింది. గామా కిరణాల విస్ఫోటాలకు ఇంకా ముందే, 2012లోనే, ఇలాంటి దెబ్బ తగిలింది. అప్పటిదాకా అత్యధిక శక్తి కాస్మిక్ కిరణాల పుట్టిల్లు అవేనని చాలామంది ధీమాగా ఉండేవాళ్లు. 2022 అక్టోబరు 9న చరిత్రలోకెల్లా అతి ప్రకాశవంతమైన విస్ఫోటం వచ్చినప్పుడు కూడా ఒక్క న్యూట్రినో రాలేదు. ఇప్పటిదాకా మూలం చూపించగలిగినవన్నీ పేలని వాటివే: 2017లో ఒక బ్లేజర్ (మన వైపే కణాల ధార చిమ్మే గెలాక్సీ), 2022లో ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం పరిసరాలు, 2023లో మన పాలపుంత తలం.

2023ఐఎక్స్ఎఫ్ విషయంలో న్యూట్రినోల మౌనం కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది గామా కిరణాల మౌనం. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు విద్యుదావేశం లేని పయాన్లూ పుడతాయి, అవి గామా కిరణాలుగా మారతాయి. అంటే న్యూట్రినోలకు అవి తోబుట్టువులు. ఫెర్మి ఉపగ్రహానికి అవి కనిపించలేదు. పేలుడు శక్తిలో పదో వంతు ప్రోటాన్లకు దక్కుతుందని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాం. ఆ నక్షత్రం తొలి రోజుల్లో అది ఒక శాతం దాకా పడిపోయి ఉండొచ్చని ఆ కొలత చెబుతోంది. అది అన్నిటికీ వర్తిస్తే నేను పైన వాడిన అంచనాలన్నీ కిందికి దిగుతాయి. గామా కిరణాలు అక్కడి దట్టమైన పదార్థంలోనే కొంత మింగుడుపడి ఉండొచ్చని అనేవాళ్లూ ఉన్నారు. నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు.

మరి ఆశ ఎక్కడ ఉంది అంటే, ఎస్ఎన్ 2023యూక్యూఎఫ్ దగ్గర ఉంది. 2023 అక్టోబరు 4న వచ్చిన ఒక అధిక శక్తి న్యూట్రినో దిక్కులో, పాలొమార్ మీది జ్వికీ టెలిస్కోపు ఒక అరుదైన సూపర్నోవాను పట్టుకుంది. హైడ్రోజన్ పొర ముందే పోగొట్టుకుని, హీలియం వాయువు మధ్యలో పేలిన నక్షత్రం అది. షాక్ ఢీకొట్టడానికి సరుకు ఉంది, సమయమూ కుదిరింది. ఆ టెలిస్కోపు ఏళ్ల తరబడి చేసిన వెతుకులాట మొత్తాన్ని లెక్కలో వేసుకున్నాక కూడా ఇది కాకతాళీయం అయ్యే అవకాశం 0.3 శాతమే అన్నారు, అంటే మూడు వందల ముప్పై మందిలో ఒకరికి తగిలే లాటరీ. నా ఫోన్ కథతో పోలిస్తే చాలా గట్టి సంగతి. కణభౌతిక శాస్త్రం అడిగేది మాత్రం ముప్పై అయిదు లక్షల్లో ఒకటి. పైగా ఒకే న్యూట్రినో. దీన్ని నేను సాక్ష్యం అంటాను, రుజువు అనను. ఇలాంటిది ఇంకొకటి, కనీసం ఇంకొకటి రావాలి. చిలీలో పని మొదలుపెట్టిన రూబిన్ టెలిస్కోపు సూపర్నోవాలను కుప్పలుగా కనిపెడుతుంది కాబట్టి, పేలిన సమయం కచ్చితంగా తెలిసినవి పెరుగుతాయి. మాకు కావలసిన సన్నటి కిటికీ అక్కడి నుంచే వస్తుంది.

ఇక ఆరుద్ర. కార్తెల లెక్కలో మనం పిలిచే ఆరుద్ర నక్షత్రమే ఖగోళ శాస్త్రంలో బెటెల్‌గ్యూస్. ఎర్ర మహాతార, ఆరు వందల కాంతి సంవత్సరాల అటూ ఇటూ దూరం. పై లెక్కే వేస్తే 32,600ను 600తో భాగిస్తే 54, వర్గం దాదాపు మూడు వేలు, వెయ్యితో హెచ్చిస్తే ముప్పై లక్షల అధిక శక్తి న్యూట్రినోలు. మురాసే అంచనా వంద రెట్లు తప్పయినా ముప్పై వేలు. అప్పుడు కలుపు గొడవే ఉండదు. వరస కూడా ఇలా ఉంటుంది: మొదట పది సెకన్ల పాటు గుండె నుంచి తక్కువ శక్తి న్యూట్రినోలు, తర్వాత దాదాపు రోజుపాటు నిశ్శబ్దం, ఆ తర్వాత పగలు కూడా కనిపించే వెలుగు, దాంతోపాటే రోజుల తరబడి అధిక శక్తివి. మొదటి గుంపు తగలగానే డిటెక్టర్లన్నీ కలిసి టెలిస్కోపులను తట్టి లేపే హెచ్చరిక వ్యవస్థ ఒకటి ఇప్పటికే ఉంది. కాకపోతే తొందరేమీ లేదు, వచ్చే లక్ష ఏళ్లలో ఎప్పుడైనా కావచ్చు. ఆరుద్ర కార్తెలో విత్తనాలు చల్లుకోవడం ఆపనవసరం లేదు. పాలపుంత మొత్తం మీద చూసినా శతాబ్దానికి ఒకటో రెండో పేలుతాయి, అందులో మనుషులు కంటితో చూసిన చివరిది 1604లో.

క్లాసులో ఈ లెక్క ఇవ్వండి. 1987లో పేలిన చోటే, లక్షా 68 వేల కాంతి సంవత్సరాల దూరంలో, ఇవాళ ఒక మామూలు ఎర్ర మహాతార పేలితే అధిక శక్తి న్యూట్రినోలు ఎన్ని రావాలి? ముప్పై ఎనిమిదికి దగ్గరగా రావాలి. చేసినవాళ్లకు ఇంకో ప్రశ్న వేయండి: ఆ నక్షత్రం ఉన్న పెద్ద మాగెల్లాన్ మేఘం (పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) దక్షిణాకాశంలో ఉంది, అంటే ఐస్‌క్యూబ్‌కి నడినెత్తి వైపు. జల్లెడగా వాడుకోవడానికి భూమి అడ్డు లేదు, సెకనుకు మూడు వేల మ్యూయాన్లు కురుస్తూనే ఉంటాయి. మధ్యధరా సముద్రం అడుగున, సిసిలీ దగ్గర మూడున్నర కిలోమీటర్ల లోతులో కేఎం3నెట్ అనే ఇంకో డిటెక్టర్‌ను కడుతున్నారు. ఆ ముప్పై ఎనిమిదిని ఎవరు బాగా చూడగలరు, ఎందుకు? గ్లోబు చేతికిచ్చి అడగండి.